పిల్లలకు సదరం (వైకల్య శాతం సర్టిఫికెట్), యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు), పింఛను: విశాఖలో ఏది ముందు, ఎక్కడ ఆగుతుంది?

మధురవాడ_మెట్ట
బాబుకి ఆరేళ్లు. సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు రెండూ బిగుసుకుని ఉంటాయి, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు, మాట బాగా తక్కువ. ఇంతవరకు ఏ సర్టిఫికెట్టూ లేదు. వార్డు సచివాలయంలో సదరం పరీక్షకి స్లాట్ అడిగితే ఏ రకం వైకల్యమో చెప్పమన్నారు. ఒకరు శారీరకం అని పెట్టించమంటారు, ఒకరు బుద్ధిమాంద్యం అంటారు. మాది అద్దె ఇల్లు. అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకి వితంతు పింఛను వస్తోంది. బాబుకి కూడా ఇస్తారా? తెలిసినవాళ్లు వరసగా చెప్పగలరు.

ఫైలు_మనిషి
అమ్మా, ఇవి రెండు వేరే పనులు. సర్టిఫికెట్ ఇచ్చేది డాక్టర్ల బోర్డు, వాళ్లు పిల్లాడిని చూస్తారు. పింఛను ఇచ్చేముందు ప్రభుత్వం చూసేది పిల్లాడిని కాదు, ఇంటిని: కరెంటు మీటరు, కారు, ఇంట్లో ఉద్యోగం. 80 శాతం సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా పింఛను రాని ఇళ్లు ఉన్నాయంటే కారణం ఇదే. కాబట్టి రెండూ ఒకేసారి సర్దుకోవడం మొదలుపెట్టండి.

ముందు ఆధార్. ఐదేళ్లలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. ఐదు నిండాక బయోమెట్రిక్ అప్‌డేట్ తప్పనిసరి, 5 నుంచి 7 ఏళ్ల మధ్య చేయిస్తే డబ్బు కట్టక్కర్లేదు. మీ బాబు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. ఇది చేయించకపోతే తర్వాత ఈకేవైసీ (వేలిముద్రతో ఆధార్ సరిచూడటం) దగ్గర ఆగిపోతారు.

రెండోది హౌస్‌హోల్డ్ మ్యాపింగ్. సచివాలయం లాగిన్‌లో మీ కుటుంబం కింద బాబు పేరు ఉందా, రైస్ కార్డులో చేరాడా అని స్క్రీన్ మీద చూపించమని అడగండి. ‘ఉందండీ’ అని నోటిమాటగా అంటే సరిపోదు. పుట్టినప్పుడు అమ్మమ్మగారింట్లో ఆధార్ తీయించి ఉంటే పిల్లాడు ఆ ఇంటి లెక్కలో ఉండే అవకాశం ఉంది. ఆ తాతగారు రిటైర్డ్ ప్రభుత్వోద్యోగి అయితే పింఛను అర్జీని అక్కడికక్కడే తిరస్కరిస్తారు.

మూడోది స్లాట్. సదరం స్లాట్లు రోజూ ఉండవు, విడతలుగా వదులుతారు, నగరంలో తొందరగా అయిపోతాయి. ఎప్పుడు వదులుతున్నారో సచివాలయంలో డేటా సెక్రటరీని ముందే అడిగి ఉంచుకోండి. మీసేవలో కూడా బుక్ చేస్తారు. బుక్ అయితే ఆసుపత్రి, తేదీ ఎస్ఎంఎస్‌లో వస్తాయి. అందుకని ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే నంబరే ఇవ్వండి. ఆ రోజు వెళ్లకపోతే మళ్లీ కొత్త స్లాటే.

పెందుర్తి_జంక్షన్
ఇంత దేనికండీ, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లి బోర్డు డాక్టరుకి చూపిస్తే రాసిచ్చేస్తారు కదా.

ఫైలు_మనిషి
ఆ రోజులు పోయాయి అన్నా. స్లాట్ నంబరు లేకుండా డాక్టరు శాతం ఎక్కించడానికి సదరంలో చోటే ఉండదు. ఓపీలో చూపించుకుని రిపోర్టు తెచ్చుకోవచ్చు, అది బోర్డు రోజున పనికొస్తుంది. అంతేగాని అది సర్టిఫికెట్ కాదు. గేటు దగ్గర ‘నేను చేయిస్తాను’ అని పలకరించేవాళ్ల చేతిలో కూడా అదే స్లాట్ ఉంటుంది, దానికి పైన డబ్బు అడుగుతారు, అంతే.

ఇంకోటి. సచివాలయం ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా లెక్కే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. అటువైపువాళ్ల ఆధార్‌లో ఇంకా విశాఖపట్నం జిల్లా అనే ఉంటే, స్లాట్‌కి ముందే అడ్రసు సరిచేయించుకోండి.

థెరపీ_గది
మీ ప్రశ్నలో ముఖ్యమైనది కేటగిరీ. అక్కడ తప్పితే తర్వాత దిద్దుకోవడం కష్టం కాబట్టి వివరంగా రాస్తున్నా.

మీ బాబుకి బహుళ వైకల్యం కింద పెట్టించండి. కాళ్ల బిగుతుకి ఎముకల డాక్టరో ఫిజికల్ మెడిసిన్ డాక్టరో ఒక శాతం ఇస్తారు, తెలివితేటల వైపు సైకాలజిస్టు పరీక్ష చేశాక ఇంకో శాతం వస్తుంది. ఈ రెండింటినీ నేరుగా కూడరు. దానికి ఒక సూత్రం ఉంది. పెద్ద శాతం అలాగే ఉంటుంది. 90లోంచి పెద్ద శాతాన్ని తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినది పెద్దదానికి కలుపుతారు.

లెక్క చూడండి. కాళ్లకి 70, బుద్ధికి 75 వచ్చిందనుకోండి. 90 − 75 = 15. 70 × 15 ÷ 90 = 11.67. మొత్తం 86.67. శారీరకం అని ఒక్కటే పెట్టిస్తే 70 దగ్గర ఆగిపోయేది.

తక్కువ శాతాల పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం. కాళ్లకి 35, బుద్ధికి 25 అయితే విడివిడిగా రెండూ పింఛనుకి కావలసిన 40 లోపే, దేనికీ ఏదీ రాదు. కలిపితే 35 + (25 × 55 ÷ 90) = 50.28. అంటే 40 గీత దాటేశాడు.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. రెండు విభాగాలు చూడాలి కాబట్టి పని ఒక్క రోజులో తెమలకపోవచ్చు. శారీరకానికి ఒక చోట, తెలివితేటల పరీక్షకి ఇంకో చోట తిప్పుతారు. ఈ తిరుగుడు తప్పించుకోవడానికే చాలామంది ఒక్క కేటగిరీతో సరిపెట్టుకుంటారు. ఆ పని చేయకండి.

సీతమ్మధార_అక్క
తెలివితేటల పరీక్ష అంటే ఏం అడుగుతారు? పిల్లాడు కొత్తవాళ్లని చూస్తే నోరే విప్పడు.

థెరపీ_గది
చిన్నపిల్లలకి, మాట రానివాళ్లకి ఎక్కువగా వాడేది వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్. పిల్లాడు ఏమీ మాట్లాడక్కర్లేదు, ప్రశ్నలన్నీ తల్లిదండ్రులకే. తినడం, బట్టలు వేసుకోవడం, దొడ్డికెళ్లడం, వీధిలోకి వెళ్లి రావడం, పక్క పిల్లలతో ఆడటం ఇలా. జవాబులని బట్టి సామాజిక వయసు తేలుస్తారు. దాన్ని అసలు వయసుతో భాగించి 100తో గుణిస్తే వచ్చేదే స్కోరు.

శాతాలు ఇలా: 70–84 వస్తే 25 శాతం, 55–69కి 50, 36–54కి 75, 21–35కి 90, 20 అంతకన్నా తక్కువైతే 100.

తల్లులు పొరబడేది జవాబుల్లో. ‘అన్నం తింటాడా?’ అంటే ‘ఆఁ, తింటాడు’ అనేస్తారు. అసలు సంగతి ఏమిటంటే అమ్మ కలిపి ముద్ద చేసి నోట్లో పెడితే తింటాడు. ‘నీళ్లు తాగుతాడా?’ తాగుతాడు. గ్లాసు ఎవరు పట్టుకోవాలి? ‘చొక్కా వేసుకుంటాడా?’ చేతులు చాపుతాడు, వేసేది నాన్న. పిల్లాడిని నలుగురిలో తక్కువ చేసి చెప్పడం ఏ తల్లికీ నోరు రాదు, నిజమే. కానీ అక్కడ అడుగుతున్నది సాయం లేకుండా ఏం చేస్తాడని. ముందురోజు పొద్దున్నుంచి రాత్రి వరకు ఏ పనికి ఎవరు చెయ్యి వేయాల్సి వచ్చిందో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

పెందుర్తి_జంక్షన్
మరి అలాగైతే ఏదీ చేతకాదు అని చెప్పేస్తే 100 వచ్చేస్తుంది గదా!

థెరపీ_గది
రాదు బాబూ. సైకాలజిస్టు మాట్లాడుతూనే పిల్లాడి చేతికి ఒక బంతో పెన్సిలో ఇచ్చి చూస్తుంటారు. ‘అస్సలు నిలబడలేడు’ అన్న పిల్లాడు కుర్చీ పట్టుకుని లేచాడంటే మిగతా జవాబులన్నీ అనుమానంలో పడతాయి. పైగా 2025లో రాష్ట్రమంతటా వైకల్య పింఛన్లు తిరిగి పరిశీలించి 40 శాతం లోపు తేలినవాళ్లకి నోటీసులిచ్చారు. ఉన్నది ఉన్నట్టు చెబితే మళ్లీ పిలిచినా అదే శాతం వస్తుంది.

ఆటిజం పిల్లలకి స్కేలు వేరు, ఐఎస్ఏఏ అంటారు. నలభై అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. స్కోరు 70 అయితే 40 శాతం. 106–123 మధ్య 70 శాతం, 158 దాటితే 100. ఆటిజంతో పాటు బుద్ధిమాంద్యం కూడా ఉంటే ఆ పరీక్షా చేయమని మీరే అడగండి.

ఫైలు_మనిషి
థెరపీ గది గారు చెప్పిన భాగహారంలో కింద ఉండేది అసలు వయసు కాబట్టి పుట్టినతేదీ సంగతి కూడా చెప్పాలి. బడిలో చేర్చడానికి ఆధార్‌లో ఒక ఏడాది పెంచేసిన పిల్లలు మన ఊళ్లో బోలెడుమంది. సామాజిక వయసు 42 నెలలు అనుకోండి. నిజమైన వయసు 72 నెలలైతే స్కోరు 58, అంటే 50 శాతం. ఆధార్ ప్రకారం 84 నెలలైతే స్కోరు 50, అంటే 75 శాతం. ఎక్కువ వచ్చింది కదా అని సంబరపడకండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) జనన ధ్రువపత్రంలో ఒక తేదీ, ఆధార్‌లో ఒక తేదీ ఉంటే యూడీఐడీ దగ్గరా స్కాలర్‌షిప్ దగ్గరా రెండూ పొసగవు, అప్పుడు మొత్తం ఆగుతుంది. తగ్గించి వేయించినవాళ్లకైతే మొదటి రోజే నష్టం. స్లాట్‌కి ముందే జనన ధ్రువపత్రం ప్రకారం ఆధార్ మార్పించండి.

వాల్తేరు_మెయిన్‌రోడ్
వినికిడి పిల్లల తల్లిదండ్రులకి ఒక ముక్క. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే పింఛను ఆశ పెట్టుకోవద్దు. బాగున్న చెవి శాతాన్ని 5తో గుణించి, పాడైన చెవి శాతం కలిపి, 6తో భాగిస్తారు. ఒకటి 100, ఇంకోటి 0 అయితే వచ్చేది సుమారు 17. రెండు చెవుల్లోనూ తేడా ఉన్న పిల్లలకి బెరా (నిద్రలో ఉండగా చేసే వినికిడి పరీక్ష) రిపోర్టు ముందే తీయించుకుని వెళ్లండి. బెరాకి పిల్లాడు కదలకుండా నిద్రపోవాలి, కాబట్టి ఆ రోజు పొద్దున్నే లేపేసి ఆసుపత్రికి వచ్చేదాకా నిద్రపోనివ్వకండి. ఆటోలో కునుకు తీశాడంటే అక్కడ పడుకోడు, పరీక్ష వాయిదా.

మధురవాడ_మెట్ట
అందరికీ ధన్యవాదాలండీ. బహుళ వైకల్యం అనే పెట్టిస్తాను. బోర్డు రోజున ఏమేం తీసుకెళ్లాలి? ఆధార్ సెంటర్లో బాబు పిడికిలి విప్పడు, వేలిముద్ర ఎలా మరి?

థెరపీ_గది
వేళ్లు పట్టి లాగకండి, లాగితే ఇంకా బిగుస్తాడు. మోచెయ్యి కింద మీ చెయ్యి ఆనించి, మణికట్టుని మెల్లగా కిందికి వంచండి, అరచెయ్యి లోపలి వైపుకి. అలా వంచితే వేళ్లు వాటంతటవే కొంచెం సడలుతాయి. ముందు బొటనవేలు బయటికి తీయండి, తర్వాత మిగతావి. తడి లేకుండా తుడిచి పెట్టండి. జనం తక్కువగా ఉండే వేళ వెళ్లండి, గోల ఉంటే బిగుతు పెరుగుతుంది. ఎంతకీ పడకపోతే ఆధార్‌లో బయోమెట్రిక్ మినహాయింపు ఉంది, ఆపరేటరుని ఆ పద్ధతిలో ఎక్కించమనండి.

బోర్డు రోజుకి: పిల్లాడి ఆధార్, మీ ఆధార్ ఒరిజినళ్లు, ఫొటోలు, స్లాట్ ఎస్ఎంఎస్, పుట్టినప్పటి డిశ్చార్జి సమ్మరీ (ఆలస్యంగా ఏడ్చాడనో, పిల్లల ఐసీయూలో ఉంచారనో అందులోనే ఉంటుంది), ఎంఆర్ఐ, ఈఈజీ ఉంటే అవి, ఫిట్స్ మందుల చీటీ, థెరపీ రిపోర్టులు. అన్నీ తేదీ వరసలో పెట్టండి. ఫిట్స్ మందు ఆ పూట మానిపించకండి. కాళ్లకి పట్టీలు, స్ప్లింట్లు వాడుతుంటే పెట్టుకునే రండి, డాక్టరు విప్పి చూస్తారు. తిండి, నీళ్లు, మార్చే బట్టలు సరేసరి.

బోర్డుకి ఫీజు లేదు.

ఫైలు_మనిషి
సర్టిఫికెట్ వచ్చాక అందులో మూడు చోట్ల చూడండి: శాతం, రకం, తాత్కాలికమా శాశ్వతమా. చిన్నపిల్లలకి సాధారణంగా తాత్కాలికమే ఇస్తారు. బుద్ధిమాంద్యానికి 5, 10, 18 ఏళ్లప్పుడు మళ్లీ చూపించాలని మార్గదర్శకాల్లోనే ఉంది. గడువు తేదీకి కొన్ని నెలల ముందే రెన్యూవల్ స్లాట్ కోసం కనిపెట్టుకుని ఉండండి. గడువు దాటిన రోజున సచివాలయానికి వెళితే, కొత్త స్లాట్ దొరికేదాకా పింఛను ఆగిపోవచ్చు. శాతం అన్యాయంగా తగ్గిందనిపిస్తే, కాగితాలతో సచివాలయం ద్వారా అప్పీలు పెట్టుకోవాలి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్‌లో (ప్రజా ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. మహారాణిపేటలోనే, కేజీహెచ్ పక్కనే.

యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్. సదరంలో పేరు ఎలా ఉందో ఆధార్‌లో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా ఉంటే తిరక్కొట్టేస్తుంది. కార్డు రంగులు కూడా శాతాన్ని బట్టే: 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం.

ఇప్పుడు పింఛను. 2024లో పెంచాక ఎన్టీఆర్ భరోసా కింద వైకల్యానికి నెలకు 6,000. 40 శాతం ఉంటే చాలు, వయసుతో పని లేదు, పసిపిల్లలకైనా వర్తిస్తుంది. నెలకు 15,000 పింఛను అనేది వేరు. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పూర్తి వైకల్యానికే అది, శాతం ఎక్కువ ఉన్నంత మాత్రాన రాదు. కొత్త దరఖాస్తుల ఆప్షన్ ప్రభుత్వం తెరిచినప్పుడే లాగిన్‌లో కనిపిస్తుంది, అందుకే సర్టిఫికెట్ ముందే సిద్ధంగా ఉండాలి.

మీ అత్తగారి సంగతి: ఇంటికి ఒక్క పింఛను అన్నది నియమం. 80 శాతం, ఆపైన వైకల్యానికి దాన్నుంచి మినహాయింపు ఉంది. పైన 70కీ 86కీ తేడా చూపించారు కదా, మీ ఇంట్లో అది తగిలేది ఇక్కడే.

ఈపీడీసీఎల్_బిల్లు
అద్దె ఇల్లు అన్నారు కాబట్టి మీటరు సంగతి. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే అనర్హత. మన దగ్గర తగులుకునేది వాడకం వల్ల కాదు, లింకు వల్ల. పాత అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఆ మీటరుకి మీ ఆధార్ తగిలించి ఉంటారు, ఖాళీ చేసి వచ్చేశాక కూడా ఆ లింకు అలాగే ఉంటుంది. ఆ ఇంట్లో కొత్తగా వచ్చినవాళ్లు రెండు ఏసీలు వేస్తే ఆ యూనిట్లన్నీ మీ ఖాతాలో పడతాయి. లేదంటే మూడు వాటాలకీ కలిపి ఒకే మీటరు, ఓనరుగారిది. సచివాలయంలో ఏ సర్వీసు నంబరు చూపిస్తోందో రాయించుకుని, ఈపీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఆధార్ విడదీయమని అర్జీ పెట్టండి. ఓనరు దగ్గర అద్దె కాగితం ఉంటే పని తొందరగా అవుతుంది.

ఇలాంటివే ఇంకొన్ని: అమ్మేసిన కారు ఇంకా మీ పేరు మీదే ఉండటం (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫరవాలేదు), రాష్ట్ర అవుట్‌సోర్సింగ్ సంస్థ ఆప్కాస్‌లో ఉద్యోగం ప్రభుత్వోద్యోగంగా కనబడటం, ఎవరో లోన్ కోసం సలహా ఇచ్చారని ఐటీ రిటర్ను వేసి ఉండటం. నగరంలో సొంతిల్లు 1,000 చదరపు అడుగులు దాటినా, కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటినా కుదరదు. పల్లెలో అయితే ఆ హద్దు 10 వేలు.

ఆడిటర్_ద్వారకానగర్
ఆదాయపు పన్ను కట్టేవాళ్లు పింఛను కోసం తిరిగి లాభం లేదు. వాళ్లకి దారి వేరు. పాత పన్ను విధానంలో, వైకల్యమున్న పిల్లల పోషణకిచ్చే తగ్గింపు (1961 చట్టంలో సెక్షన్ 80డీడీ) కింద 40 శాతం, ఆపైన ఉంటే 75,000, 80 శాతం, ఆపైన అయితే 1,25,000 ఆదాయంలోంచి తగ్గిస్తారు. ఎంత ఖర్చు పెట్టారన్నదానితో సంబంధం లేదు, మొత్తం తగ్గుతుంది. కొత్త విధానం ఎంచుకుంటే ఇది రాదు, రెండూ లెక్కేసుకుని చూసుకోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యానికి నిర్ణీత ఫారంలో డాక్టరు ధ్రువపత్రం (1961 చట్టం కింద ఫారం 10-ఐఏ) కావాలి. తాత్కాలిక సర్టిఫికెట్ గడువు దాటితే కొత్తది లేకుండా క్లెయిమ్ చేయకండి.

సీతమ్మధార_అక్క
మరి థెరపీ ఖర్చులకి ఏమీ లేదా? వారానికి మూడు సిట్టింగులంటే తేలిగ్గా లేదు.

థెరపీ_గది
కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా తీసుకోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఈ నాలుగింటికే. ఏడాదికి లక్ష రూపాయల వరకు, ముందస్తు వైద్య పరీక్షలు ఉండవు, థెరపీ, ఓపీ కూడా ఇందులోకి వస్తాయి. చేరడానికి బీపీఎల్ (దారిద్య్రరేఖకి దిగువన ఉన్న) వాళ్లకి 250, మిగతావాళ్లకి 500. రెన్యూవల్ 50, 250. ట్రస్టు దగ్గర నమోదైన సంస్థ ద్వారా చేర్పించుకోవాలి. పాలసీ ఏడాది మార్చి 31తో అయిపోతుంది, కాబట్టి ఫిబ్రవరిలో చేరితే రెండు నెలలకే మళ్లీ కట్టాలి. ఏప్రిల్ మొదట్లో చేరడం మేలు. బిల్లు మీద ‘థెరపీ’ అని ఒక్క మాట రాయించుకోకండి. ఏ తేదీన ఏ థెరపీ, ఎంత అని ఉండాలి, డాక్టరు సూచించిన చీటీ జత చేయాలి.

డబ్బు పెట్టకుండా కావాలంటే భవిత కేంద్రాలు ఉన్నాయి, సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. బడి హెడ్‌మాస్టరుని అడిగితే మీ మండలంలో ఎక్కడుందో చెప్తారు. బడికి రాలేని పిల్లల ఇంటికే టీచరు వచ్చే ఏర్పాటు కూడా అందులోనే.

పెందుర్తి_జంక్షన్
ఇదే కార్డు చూపిస్తే రైల్లో రాయితీ ఇస్తారా? చెన్నైలో ఆపరేషనుకి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు మా వీధిలో.

వాల్తేరు_మెయిన్‌రోడ్
సదరం కాగితం చూపిస్తే కౌంటర్లో ఇవ్వరు. రైల్వేకి సొంత నమూనా ఉంది, అందులో ప్రభుత్వ డాక్టరు సంతకం, సీలు వేయించాలి. ‘తోడు లేకుండా ప్రయాణించలేరు’ అన్న వాక్యం అందులో ఉంటుంది, రాయితీ అంతా దాని మీదే. బోర్డుకి వెళ్లే రోజునే ఆ నమూనా ప్రింటు తీసుకెళ్లి అక్కడే సంతకం అడిగితే ఇంకోసారి తిరగక్కర్లేదు. తర్వాత రైల్వే దివ్యాంగుల పోర్టల్‌లో పెట్టి కార్డు తీసుకోవాలి. స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం, సెకండ్ ఏసీలో 50, తోడు వెళ్లే ఒకరికీ అంతే. పిల్లలకి ఆ సర్టిఫికెట్ అయిదేళ్లే చెల్లుతుంది. ఆపరేషను తేదీ ఖాయమైతే కార్డు కోసం ఇప్పుడే పెట్టేయమనండి, టిక్కెట్టు తీసుకున్నాక కార్డు వచ్చినా తేడా డబ్బు వెనక్కి ఇవ్వరు.